ఊబిలో వెదురుమోపు

నాకు చిన్నప్పటి నుంచీ నిలవ నీళ్లంటే గిట్టదు. మా పెరట్లో నూతి దగ్గర కాసిని నీళ్లు ఆగినా పలుగు పట్టుకుని ఓ చిన్న కాలవ తీసేసేవాణ్ని. "వీడికి కాలవలు తవ్వే ఉద్యోగమే వస్తుంది చూడండి" అని మా అమ్మ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వేది. ఆవిడ అన్నట్టే అయింది. తొంభైల మొదట్లో, విజయనగరం వైపు మా పల్లపు ఊరి నుంచి అరకు కొండల మీదికి వర్క్ ఇన్‌స్పెక్టరుగా వెళ్లాను. గట్లు వేయించడం, కాలవలు తీయించడం, రాతి అడ్డుకట్టలు కట్టించడం నా పని. చంకలో టేపు, భుజాన సంచీ, నోటి నిండా సలహాలు. ఈ మూడూ లేకుండా ఏ ఊళ్లోనూ అడుగు పెట్టేవాణ్ని కాదు.

ఇప్పుడు రాసేది నేను తవ్వించిన ఒక కాలవ సంగతి. ఊరి పేరు రాయను. అనంతగిరి నుంచి అరకు వచ్చే రోడ్డు దిగి, కాఫీ తోటల్లోంచి గంటన్నర నడిస్తే వస్తుంది. ముప్పై గడపలుండేవి. ఊరికి పైన రెండు కొండల మధ్య ఒక పల్లెం లాంటి చోటు ఉంది. నాలుగైదెకరాలు ఉంటుందేమో. ఏడాది పొడుగునా అందులో నీళ్లే. మరీ చెరువు కాదు, నడవడానికి నేలా కాదు. జమ్ము, తుంగ, పాచి ఒకదాని మీద ఒకటి పెరిగి, చచ్చి, పేరుకుపోయి, నల్లటి మెత్తటి మన్నయింది. అడుగేస్తే పదడుగుల అవతల ఉన్న జమ్ము కూడా ఊగేది. ఊరివాళ్లు దాన్ని ఊబి అనేవారు. ఊబి కింది అంచున రాళ్ల మధ్య నుంచి ఒక ఊట వచ్చేది. ఎంత ఎండాకాలమైనా ఆడవాళ్లు అక్కడే నీళ్లు పట్టుకునేవారు.

ఆ ఊబిని ఊరివాళ్లు ఒక్క పనికే వాడేవారు. ఇల్లు కట్టాలనుకున్నవాడు అమావాస్య ముందు వెదుళ్లు నరికి, మోపు కట్టి, తీసుకెళ్లి ఊబిలో తొక్కేవాడు. రెండు వానాకాలాలు అందులో నానాలి. ఆ తర్వాత తీసి ఆరబెట్టి ఇంటికి వాడితే ఇక పుచ్చు పట్టదు, పురుగు తొలవదు. ఒక్కో ఇంటికీ ఒక్కో గురుతు. వెదురు మొదలు దగ్గర కత్తితో గాట్లు పెడతారు. ఒకరివి రెండు గాట్లు, ఒకరివి మూడు గాట్లూ ఒక ఏటవాలు గీతా, అలాగ. ఒకరి మోపు ఇంకొకరు ముట్టుకోరు. అన్నదమ్ములైనా సరే. దొంగతనం అని కాదు, ఒకరి ఇంట్లోకి చెప్పకుండా వెళ్లినట్టు అనుకునేవారు.

నాకు అది చూస్తే ఒళ్లు మండింది. నాలుగెకరాల నల్లటి నేల, దోమలకీ నాలుగు వెదురు మోపులకీ వదిలేశారే అనిపించింది. ఆ ఏడు ఊళ్లో మలేరియా కూడా గట్టిగా ఉంది. నడుమ ఒక కాలవ తీస్తే నీళ్లు కిందున్న గెడ్డలోకి, అదే కొండవాగులోకి పోతాయి, నేల బయటపడుతుంది, క్యాబేజీ, అల్లం, ఏది వేస్తే అది పండుతుంది అని కాయితం రాసి పంపాను. పని మంజూరైంది. ఊళ్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఒక ముసలామె అడిగింది.

"నీల్లు తీసీసినాక ఎదుల్లు ఏటి సేసుకోవాల బాబూ?"

"వెదుళ్లకి మందుంది. టౌన్లో డబ్బాల్లో దొరుకుతుంది. పూస్తే చాలు" అన్నాను.

ఆ డబ్బా ఆ ఊరికి ఎవరు మోసుకొస్తారో, ఎలా కొంటారో నేను ఆలోచించలేదు. నాకు కావలసింది ఆ రోజుకి వాళ్ల నోరు మూతపడటం. మూతపడింది.

తవ్వే మనుషుల్ని పోగుచేయడానికి ఆ ఊళ్లోనే ఒకతన్ని మేస్త్రీగా పెట్టుకున్నాను. ముప్పై ఏళ్లవాడు. నల్లగా, సన్నగా, చలాకీగా ఉండేవాడు. నవ్వితే ముందు పన్ను ఒకటి విరిగి కనిపించేది. కొండ వాలున కాస్త పోడు తప్ప అతనికి వేరే భూమి లేదు. "కాలవ బాగా తీయించావంటే నడుమ ముక్క నీదే, నేను చూసుకుంటాను" అన్నాను. అతని చేతిలో ఆ ముక్క పెట్టడానికి నాకే అధికారమూ లేదు. కానీ ఊరివాళ్లు నా మాట విన్నారు. మంచి ముక్క అతనికి వదిలేశారు. అతను నమ్మాడు. ఆ తర్వాత జరిగిందంతా ఆ నమ్మకం మీదే జరిగింది.

కాలవ గుండెలోతు తవ్వాం. తవ్వుతుంటే నల్ల మన్నులో ఒకచోట వెదుళ్లు దొరికాయి. మోపు కట్టిన తాడు ఎప్పుడో పోయింది గానీ వెదుళ్లు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. ఎంత లోతున అంటే, ఆ మన్ను అంత పేరుకోవడానికి ఎన్ని తరాలు పట్టి ఉంటుందో చెప్పలేం. మేస్త్రీ ఒకదాన్ని కడిగి గోరుతో గీరి చూశాడు. గట్టిగా ఉంది. మొదలు దగ్గర నాలుగు గాట్లూ వాటికి అడ్డంగా ఒక గీతా ఉన్నాయి. పనివాళ్లంతా చేతులు వెనక్కి తీసుకున్నారు.

"ఎవుల గురుతిది?" అన్నాడు మేస్త్రీ.

ఎవరికీ తెలియదు. ఊళ్లో పూజలు చేసే దిశారిని పిలిపించారు. ఆయన వంగి చూసి, ఈ గురుతు ఇల్లు తన తాతకీ తెలీదన్నాడు. ఒక కోడిని కోసి, వెదుళ్లని జాగ్రత్తగా ఎత్తి గట్టు మీద పెట్టించాడు. నాకు పని ఒక పూట పోయిందని విసుగు. మరుసటి ఏడు వెళ్లినప్పుడు చూస్తే ఆ వెదుళ్లు గట్టు మీద పొడి పొడి అయిపోయి ఉన్నాయి. చెదలకి కూడా తినడానికి ఏమీ మిగల్లేదు. అన్ని తరాలు చెక్కు చెదరనివి ఒక్క ఏడాదిలో పోయాయేమిటి అని ఒక్క క్షణం అనుకున్నాను. అక్కడితో వదిలేశాను.

కాలవ లెవెలు కోసం ఊబి నడుమ ఒక ఇనప గొట్టం దిగ్గొట్టించాను. నల్ల మన్ను దాటి అడుగున బంకమట్టి తగిలేదాకా దిగింది. పైకొస నేలకి సమంగా వచ్చింది. దాని మీద ఎర్ర రంగు వేయించాను.

మొదటి ఏడు పంట ఎంత పండిందో చెప్తే నమ్మరు. క్యాబేజీలు చిన్న కుండలంత ఉన్నాయి. మేస్త్రీ ఒకదాన్ని నెత్తిన పెట్టుకుని మా ఆఫీసుకి నడిచొచ్చాడు. ఆఫీసర్లు మెచ్చుకున్నారు. నా గురించి మంచి మాట పై కాయితాల్లోకి ఎక్కింది. ఆ ఎండాకాలం కింది ఊట సన్నబడింది. ఆడవాళ్లు నీళ్లకి కింది గెడ్డ దాకా దిగాల్సి వచ్చింది. వానలు తక్కువ కదా అన్నాను. వానలు మామూలుగానే పడ్డాయని నాకూ తెలుసు.

మూడో ఎండాకాలంలో మంట పుట్టింది. తప్పు ఎవరిదంటే ఏం చెప్పను? మేస్త్రీ పుట్టినప్పటి నుంచీ పోడు చేసినవాడు. విత్తే ముందు నేల కాల్చాలి, బూడిద బలం. కొండ మీద అతని తండ్రీ తాతా చేసింది అదే. అలాగే ఆ ముక్కలో ఎండిన జమ్ము, మోళ్లు పోగేసి నిప్పు పెట్టాడు. కొండ మీద నిప్పు పైపైన కాలి ఆరిపోతుంది. ఇక్కడిది ఆకులతో వేళ్లతో అయిన మన్ను, నా కాలవ దాన్ని మూడేళ్లు ఆరబెట్టింది. నిప్పు లోపలికి దిగింది. అలాంటి నేలని కాల్చకూడదని అతనికి చెప్పేవాళ్లు లేరు. అలాంటి నేల అతని వంశంలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అది నేను తయారుచేసిన నేల.

మంట కనిపించదు. నేలలోంచి పొగ. ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ. వాసన ఊరంతా పట్టింది, అన్నం ముద్దలో కూడా అదే. ఆవులు అటు అడుగు వేయలేదు. నేను వెళ్లి డబ్బాలతో నీళ్లు పోయించాను. పోసినచోట బుసబుసమని ఆవిరొచ్చి, కాసేపటికి మళ్లీ పొగ.

మంగళవారం నాడు మేస్త్రీ నా దగ్గరికి వచ్చాడు.

"కాలవ మూసీద్దుం బాబూ. అడ్డు ఏసీసినామంటే నీల్లు పైకొత్తాయి. ఆటంతట అదే ఆరిపోతాది."

అతను చెప్పింది ఎంత సులువైన మాటో చూడండి. నేను ఒప్పుకోలేదు. శుక్రవారం పెద్ద ఆఫీసర్లు ఆ కాలవ చూడ్డానికి వస్తున్నారు. పారుతున్న కాలవ చూపిస్తానని చెప్పి ఉన్నాను. "మూడ్రోజులు ఓపిక పట్టు. వాళ్లు వెళ్లగానే మూయిద్దాం" అన్నాను. అతను తల గోక్కుని వెళ్లిపోయాడు. నేను పెద్ద మాటేమీ అనలేదు, కసరలేదు. అంత తేలిగ్గా అనేశాను కాబట్టే ఆ రోజు గుర్తుకొస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గురువారం పొద్దున్న, పొగ చుట్టూ కందకం తీస్తే నిప్పు పాకదని మేస్త్రీ పార పట్టుకుని తనే ముక్కలోకి దిగాడు. పైన పచ్చగడ్డి మొలిచే ఉంది. దాని కింద మన్ను కాలి గుల్లైంది. రెండు కాళ్లూ మోకాళ్ల దాకా దిగిపోయాయి. అడుగున నిప్పు. పక్కనున్నవాళ్లు వెదురు అందించి లాగేసరికి కాళ్లు... నేను చూశాను గానీ రాయలేను. డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. డోలీ కర్రకి వాడిన వెదురు అతని ఇంటి చూరులోంచి తీసిందే. ఊబిలో నానిన వెదురు కాబట్టి విరగదని ఎవరో అన్నారు. నేను వెనకాల నడుస్తున్నాను, చంకలో టేపు ఉంది. ఎందుకు ఉందో తెలియదు.

ఎడమ పాదం వేళ్లన్నీ పోయాయి. కుడి మడమ ఎముక దాకా కాలింది. ఆ మధ్యాహ్నమే ఊరివాళ్లు నన్నడక్కుండా కాలవకి అడ్డు వేసేశారు. వారం తిరక్కుండా పొగ ఆగిపోయింది. ఆఫీసర్లు ఆ శుక్రవారం రానేలేదు. నెల తర్వాత వస్తామంటే, నేనే మనుషుల్ని పంపించి కాలవ మళ్లీ తెరిపించాను. ఆ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. తర్వాత కొన్నాళ్లకి నన్ను గూడెం కొత్తవీధి వైపు వేశారు. బదిలీ నేనే అడిగి వేయించుకున్నాను.

మళ్లీ ఆ ఊరికి వెళ్లేసరికి పదేళ్లు దాటాయి. తిరిగి అనంతగిరి వైపు వేశారు. నగరం నుంచి ఒక పరిశోధన బృందం వస్తోంది, పాత కాలవ చూపించాలి అన్నారు. ఊబి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. నేను నేలకి సమంగా దిగ్గొట్టించిన ఇనప గొట్టం నా నడుం దాకా నిలబడి ఉంది. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చుట్టూ చిన్న రాళ్లు పేర్చారు. కోడి ఈకలు కూడా ఉన్నాయి.

"ఏడాదికింత పెరుగుతంది బాబూ. సత్తెంగల తల్లి" అంది అక్కడ నీళ్లకి వెళ్తున్న ఒకావిడ.

గొట్టం పెరగలేదు. నేల దిగిపోయింది. నల్ల మన్ను కొంత కాలి పోయింది, మిగిలింది ఏడాదికింత చొప్పున గాల్లో కలిసిపోయింది. ఆవిడకి చెప్పలేదు. నేను చేసిన పాడుపనికి కొలబద్ద దేవతై కూచుంటే ఏం చెప్పమంటారు?

బృందంలో పాతికేళ్ల అమ్మాయి ఒకత్తి ఉండేది. మాటల మనిషి. ప్లాస్టిక్ బకెట్లు బోర్లించి మన్నులోకి నొక్కి, పైన రబ్బరు గొట్టం పెట్టి, సిరంజితో గాలి లాగి చిన్న సీసాల్లో పట్టేది. ఊళ్లో ఆడవాళ్లు మూగి చూసేవారు.

"ఏటి సేత్తన్నావమ్మా? మా ఊరి గాలి పట్టుకుపోతన్నావా?"

"మీ ఊరి మన్ను గాలైపోతోందమ్మా. ఎంత పోతోందో చూస్తున్నాను" అంది ఆ అమ్మాయి. ఆడవాళ్లు నవ్వారు. ఆమె వేళాకోళం ఆడటం లేదని నాకు అర్థమైంది.

ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని నాకు వివరంగా చెప్పింది. ఆకూ వేరూ నీళ్లలో మునిగి ఉన్నంతకాలం గాలి సోకదు, కాబట్టి కుళ్లదు. తరాల తరబడి అలాగే పోగుపడుతుంది. నీళ్లు తీసేస్తే గాలి లోపలికి దిగుతుంది. అంత కాలం దాచుకున్నదంతా మెల్లగా కుళ్లి కార్బన్ డయాక్సైడై పైకి పోతుంది. "మంట కనపడదు సార్, అంతే. కాలడం లాంటిదే" అంది. నాకు గట్టు మీద పొడైపోయిన ఆ పాత వెదుళ్లు గుర్తొచ్చాయి. ఆ సంగతి చెప్పాను. ఆ అమ్మాయి పుస్తకం తెరిచి రాసుకుంది. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లకి నేను ఎవరికైనా పనికొచ్చే మాట ఒకటి చెప్పానంటే అదే, అదీ ఊరివాళ్లకి ముందే తెలిసిన మాట.

"మరి మళ్లీ నీళ్లు నిలిపితే?" అన్నాను.

"పోవడం చాలావరకు ఆగుతుంది. కానీ మొదట్లో అడుగునుంచి మీథేన్ ఎక్కువొస్తుంది. అది ఇంకా బలమైన గాలి. నీళ్లు చెరువులా లోతుగా నిలిస్తే మరీ ఎక్కువ. మన్ను తడిస్తే చాలు, మునగకూడదు. మీథేన్ కొన్నేళ్లలో గాల్లో విరిగిపోతుంది, కార్బన్ డయాక్సైడైతే తరతరాలు ఉండిపోతుంది. అందుకని ఎంత తొందరగా నిలిపితే అంత మేలు."

"పోయిన మన్ను?"

"అది మన కాలంలో రాదు సార్."

ఆ అమ్మాయి నిప్పు గురించి కూడా అడిగింది, ఊబి నడుమ నేల కాలి ఆ గుంట ఎలా పడిందని. ఎవరో జమ్ము కాల్చారట అన్నాను. పెద్దవాణ్ని, ఆ పిల్ల ముందు అంత చిన్న అబద్ధం ఆడాను.

కాలవకి అడ్డుకట్టలు వేయాలని నిర్ణయమైంది. మిగిలింది మేస్త్రీని అడగడం. ఆ గుంట పక్కన మిగిలిన ముక్కలో అతను ఇంకా అల్లం, చిక్కుడు వేసుకుని బతుకుతున్నాడు. వేళ్లు లేని కాలితో కొండ వాలున పోడు చేయలేడు. చదునుగా ఉన్నది ఈ ముక్క ఒక్కటే. నీళ్లు నిలిపితే అదీ పోతుంది. అడగాల్సింది నేనే. వేరే ఎవరినైనా పంపమని ఆఫీసులో బతిమాలాను, నీ కాలవే కదా అన్నారు.

ఇంటి ముందు అరుగు మీద కూర్చుని బుట్ట అల్లుతున్నాడు. నెరిసిపోయాడు. నన్ను చూసి లేవబోయాడు, నేనే కూర్చోమన్నాను. ఇంటి వెదుళ్లకి పుచ్చు పట్టి, చూరు మీంచి తెల్లటి పొడి రాలుతోంది. ఇది పాత ఇల్లు కాదు, కాళ్లు కాలాక వేరుపడి కట్టింది. నానబెట్టడానికి చోటు లేక పచ్చి వెదుళ్లతో కట్టుకున్నాడు. నేను చెప్పిన డబ్బా మందు సంగతి అతను ఎత్తలేదు.

విషయం చెప్పాను. అతని భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. అతను అల్లుతున్న బుట్ట పక్కన పెట్టాడు.

"మూసీయండి బాబూ" అన్నాడు. "నాను అప్పుడే మూసీద్దుమన్నాను."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

అతని భార్యకి మాత్రం కోపం ఉంది. "ఊట వత్తాదంటే నాకూ మంచిదే. ఆ గెడ్డకి ఎక్కీ దిగీ మోకాల్లు పోనాయి. మరి మేం ఏటి తినాల బాబూ? ఈడు కొండెక్కలేడు. తవరు ముక్కిచ్చినారు, కాల్లు తీసుకున్నారు. ఇప్పుడు ముక్క కూడా తీసుకుంతారా?"

"ఊరుకోయే" అన్నాడతను.

నేను ఊరుకోలేదు. రోడ్డు పక్కన చదును నేల, ఎకరం కాఫీ మొక్కలతో సహా ఇప్పిస్తానని చెప్పాను. అక్కడ ఇల్లు కట్టుకోవచ్చన్నాను. కాయితం నేనే రాస్తాను, నేనే తిరుగుతానన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను. కాళ్లు ఇవ్వలేను కదా, భూమైనా ఇప్పించాలని గట్టిగా అనుకున్నాను. అతను నా మొహం చూశాడు. మొదటిసారి నడుమ ముక్క నీదే అన్నప్పుడు చూసినట్టే చూశాడు.

అడ్డుకట్టలు వేసిన రోజు అందరూ వచ్చారు. పలకలు దించి, బంకమట్టి బస్తాలు పేర్చి, వెదురు గుంజలు కొట్టాం. నేను కట్టించిన కాలవని నేనే ముక్కలు ముక్కలుగా మూయించాను. చివరి అడ్డు వేశాక మేస్త్రీ కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. వెనకాల అతని బావమరిది వెదురుమోపు మోసుకొస్తున్నాడు. కొత్త ఇంటికి. మొదలు దగ్గర మూడు గాట్లు, ఒక ఏటవాలు గీత. నీళ్లు ఇంకా ఎక్కనేలేదు, అయినా తన పాత ముక్క నడుమనే ఆ మోపు తొక్కించాడు.

"రొండు వానలు నానాల. ఈలోపు బూవి వచ్చీత్తాది గదా బాబూ?"

"బేగి వచ్చేస్తుంది" అన్నాను, వాళ్ల మాటలోనే.

నీళ్లు వచ్చాయి. ఆ వానాకాలానికే మన్ను తడిసి ఉబ్బింది. కాలిన గుంట మాత్రం లోతు కాబట్టి చిన్న చెరువైంది, అందులోంచి రోజంతా బుడగలు వచ్చేవి. ఆ అమ్మాయి బకెట్టు పెట్టి చూసి మొహం ముడుచుకుంది. మిగతా చోట్ల లెక్క బాగుందట. కప్పలు వచ్చాయి. నీటికోళ్లు ఒక జత వచ్చాయి. తుంగ వచ్చింది గానీ పాత జమ్ము రాలేదు, దాని చోట ఏదో ముతక గడ్డి వచ్చింది. రెండో ఎండాకాలానికి ఊట తిరిగి మొదలైంది, సన్నగానే గానీ ఆగలేదు. ఆడవాళ్లు గొట్టం తల్లికి కోడిని కోశారు. నేల ఉబ్బేసరికి ఆ తల్లి కాస్త పొట్టిదైందని ఎవరో అన్నారు. మొక్కుబడి తీరింది కదా, కూర్చుందేమో అని నవ్వుకున్నారు. ఆ ఊళ్లో నేను విన్న చివరి నవ్వు అదేనేమో.

భూమి రాలేదు. నేను రాసిన కాయితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి వెళ్లింది. అక్కడి నుంచి, పాత ముక్క అతనిదని రుజువేమిటి అని వెనక్కి వచ్చింది. రుజువు నా మాట. నా మాటకి సంతకం లేదు, ముద్ర లేదు. ఆ ముక్క ఇచ్చే అధికారం నాకు లేదని మొదట్లోనే చెప్పాను కదా, అది అప్పుడు తిరిగి తగిలింది. తిరిగాను. నిజంగా తిరిగాను. కానీ ఎంత తిరిగానో చెప్పుకుంటే అతని పొయ్యి వెలగదు. ఊరికి వెళ్లినప్పుడల్లా అరుగు మీంచి తలెత్తి చూసేవాడు. "ఈ నెలలో వచ్చేస్తుంది" అనేవాణ్ని. అలా అన్నన్ని నెలలూ అతను బుట్టలల్లుకుని, ఊరివాళ్లు పెట్టింది తిని బతికాడు. తర్వాత తర్వాత ఆ ఊరి వైపు పని పడితే వేరేవాళ్లని పంపడం మొదలుపెట్టాను.

ఒకసారి వెళ్లేసరికి ఇల్లు మూసి ఉంది. చూరు ఒక వైపు ఒరిగిపోయింది. భార్య తరఫు వాళ్లు సీలేరు అవతల ఉన్నారట, అక్కడ కూర్చుని చేసే పని ఏదో ఉందని ఇద్దరూ వెళ్లిపోయారట. ఏ ఊరో ఎవరికీ సరిగా తెలియదు. సీలేరు వైపు డ్యూటీ పడినప్పుడు రెండు మూడు ఊళ్లలో వాకబు చేశాను. వేళ్లు లేని కాలి మనిషి అని అడిగితే, ఇక్కడ అలాంటివాళ్లు చాలామంది ఉన్నారు బాబూ అన్నారు.

ఆఖరిసారి నేను ఆ ఊరికి వెళ్లింది రెండువేల పది దగ్గరపడుతుండగా. ఊబి అంచున నిలబడితే నేల మళ్లీ కాస్త ఊగుతోంది. ఆ ఊగడం చూసి నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా, ఒక్క నిమిషం. నడుమన నీళ్లలో అతని మోపు అలాగే ఉంది. చుట్టూ ఊరివాళ్ల కొత్త మోపులు వచ్చాయి, వెళ్లాయి. అది మాత్రం కదల్లేదు. పాంటు మడిచి దిగాను. ఒక వెదురు లాగాను. నల్లగా, నున్నగా వచ్చింది. వేలితో కొడితే గట్టిగా మోగింది. మూడు గాట్లు, ఒక ఏటవాలు గీత, నిన్న పెట్టినట్టే ఉన్నాయి.

ఊట దగ్గర బిందె నింపుకుంటున్న ఆవిడ నన్ను చూసి కేకేసింది.

"అది ముట్టుకోకు బాబూ. ఆడి గురుతు. ఆడొచ్చి ఇల్లు కట్టుకుంతాడు."

"ఎన్నాళ్లుంచుతారు?"

"నీల్లలో ఉంటే ఏటవుతాది? పాడవదు గదా." బిందె చంకనెత్తుకుని నిలబడింది. "బూవి వచ్చీనాదా బాబూ? కబురెడితే వత్తాడు."

ఈ నెలలో వచ్చేస్తుంది అనే మాట అలవాటుగా నోటిదాకా వచ్చింది. మింగేశాను. రాలేదమ్మా, ఇక రాదు అన్నాను. ఆవిడ చంకలో బిందె సర్దుకుని ఊరి వైపు నడిచింది. చేతిలో ఉన్న వెదుర్ని తిరిగి దాని చోటులో పెట్టి, కాలితో తొక్కి, నల్లనీళ్లు దాని మీదికి ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాను.